ఈలలు సరే, ఆ మాట ఎవరిది?

2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చినప్పుడు జమ్మికుంటలో మన పిల్లలూ అందరితోపాటు ఈలలు వేశారు. పులితో తలపడ్డ గోండు వీరుణ్ణి చూసి మనమూ సంబరపడ్డాం.

అయితే చివర్లో కుమ్రం భీము చదువు చెప్పమని అల్లూరిని అడుగుతాడు. అల్లూరి జెండామీద ‘జల్, జంగల్, జమీన్’ అని రాస్తాడు. దానికీ చప్పట్లే!

భీము చాందాలో విఠోబా దగ్గర అక్షరాలు నేర్చాడని మన పెద్దలు చెబుతారు. ఆ నినాదం జోడేఘాట్‌లో నిజాంతో కొట్లాడిన మనవాళ్లది. 1940లో భీము దానికే ప్రాణమిచ్చాడు.

ఇది కల్పిత కథేనంటారు, సరే. ఆ కల్పన ఆదివాసికి కండబలం ఉంచి, అక్షరాన్ని ఇంకొకరి చేతికిచ్చింది. అదే మన అభ్యంతరం.

టీచర్లారా, పిల్లల ఈలలు ఆపొద్దు. తెల్లారి తరగతిలో అడుగుదాం: ఆ మాట ఎవరిది?