పద్యం పాడారు సరే, ఎలా పాడారు?

ఆమధ్య తెనాలిలో పరిషత్తు నాటకాలు చూడ్డానికి వెళ్లాను. ఆ రాత్రి ఆఖరి ప్రదర్శన రాయబారం సీను. కృష్ణుడు వేసినాయన ఎవరో నాకు తెలీదు, అరవై దాటుంటాయి. కౌరవ సభలో పద్యం ఎత్తుకున్నాడు. మూడో పాదం దాకా అందరూ పాడినట్టే మోహనలో పాడాడు. నాలుగో పాదం చివర, ఇక రాగం మొదలవుతుందని జనం కుర్చీల్లో సర్దుక్కూచునే చోట, ఆయన రాగం తీయలేదు. చివరి మాటని మాట్లాడినట్టు అనేసి, దుర్యోధనుడి వైపు చూస్తూ నిలబడ్డాడు. హార్మోనిస్టు చెయ్యి ఒక్క క్షణం తడబడి షడ్జమం మీద ఆగిపోయింది. చప్పట్లు పడలేదు. నా వెనకెవరో "గొంతు పోయింది పాపం" అన్నారు.

నాకు ఆ రాత్రి మొత్తంలో అదొక్కటే మిగిలింది. గొంతు పోయిందా, కావాలని ఆపాడా? మర్నాడు జిల్లా పేజీ తెరిచాను. ఐటమ్ వచ్చింది. జ్యోతి వెలిగించినవాళ్లు, శాలువా కప్పినవాళ్లు, కప్పించుకున్నవాళ్లు అందరి పేర్లూ ఉన్నాయి. చివర్లో "ప్రదర్శనలు ప్రేక్షకులను విశేషంగా అలరించాయి."

ఆ వాక్యం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు బాపట్లలో ఒక పత్రికకి కంట్రిబ్యూటర్‌గా ఉన్నప్పుడు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. లైన్ అకౌంట్ మీద బతికేవాణ్ణి. ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని డబ్బులు. ఒకసారి ఉబలాటం కొద్దీ ఒక నటుడి గొంతు గురించి నాలుగు లైన్లు రాసి పంపాను. డెస్కులో ఆ నాలుగూ పోయాయి, అతిథుల జాబితా మిగిలింది. నేను గొడవ పెట్టుకోలేదు. తర్వాత మళ్లీ రాయనూ లేదు. కాబట్టి కింద చెప్పబోయే ఫిర్యాదులో నా వాటా కూడా ఉందనే అనుకోండి.

మద్రాసు సంగీతానికి విమర్శకులు దొరికారు. కల్కి 'కర్ణాటకం' అనే పేరుతో ఆనంద వికటన్‌లో కచేరీల మీద రాశాడు. తర్వాత సుబ్బుడు కలం అంటే విద్వాంసులు హడలిపోయేవాళ్లు. ఆ రాతల్లో అన్యాయాలు ఉండే ఉంటాయి. అయినా ఫలానా సాయంత్రం ఫలానా గొంతు ఏం చేసిందో కాగితం మీదకి వచ్చింది. మన పద్యనాటకం ఏం తక్కువ తిన్నది? 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది తెనాలిలోనే. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభలో ఆడి, సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఊపేశాడు. ఈల పాట రఘురామయ్యదీ గుంటూరు జిల్లాయే. ఇంత సంగీతం ఒకే చోట పోగైతే, దాన్ని విని రాసినవాళ్లు మాత్రం వేళ్ల మీదే ఉన్నారు.

నాకు తోచే కారణం ఇది. స్టేజీ పద్యం ఎవరి చేనులోనూ లేదు, గట్టు మీద ఉంది. కచేరీ విమర్శకుడికి అది 'డ్రామా పాట'. తాళం లేదు, పల్లవి లేదు, పైగా పక్కన హార్మోనియం. ఆకాశవాణే 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు, ఇక సభల సంగతి చెప్పాలా! సాహిత్య విమర్శకుడేమో తిరుపతి వెంకట కవుల పద్యం గురించి మాట్లాడతాడు కానీ దాన్ని పాడినవాడి గురించి మాట్లాడడు. నాటకాన్ని ఆధునికం చేయాలనుకున్నవాళ్లకి రాగం అసలు అడ్డమే. బళ్లారి రాఘవ లాంటివాళ్లు నటనకి పెద్దపీట వేశారు. అది అవసరమే. కానీ ఆ వాదన తర్వాత "రాగాలు తీయడం" అన్నది తిట్టులా మిగిలింది. ఏ రాగం, ఎందుకు, ఎంతసేపు అని అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. కచేరీలో మగగొంతు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడుతుంటే, స్టేజీ నటుడు నాలుగో ఐదో పెట్టుకుంటాడు. మైకు లేని రోజుల్లో చివరి వరస దాకా వినపడాలి కదా. మైకులొచ్చాయి, శ్రుతి దిగలేదు. దానివల్ల గొంతులకి ఏమైంది? మరాఠీ, పార్సీ నాటకాల దారిన వచ్చిన హిందూస్తానీ పోకడలు కృష్ణా డెల్టా గొంతుల్లో ఏ రూపం తీసుకున్నాయి? తాళం లేని పద్యంలో నటుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడు? యతి దగ్గరా, అర్థం దగ్గరా? ఈ చివరిది చిన్న ప్రశ్నలా కనపడుతుంది గానీ, పద్యం అర్థమయ్యేలా పాడేవాడికీ, పద్యాన్ని రాగానికి మెట్టుగా వాడుకునేవాడికీ తేడా అంతా అక్కడే ఉంది.

స్థానం వారి గ్రామఫోన్ రికార్డులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ రికార్డు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. తులాభారంలో ఆయన పాడిన సత్యభామ పాట 1966లో సినిమాకెక్కి సుశీల గొంతులో మనందరికీ తెలుసు. స్టేజీ మీద, వన్స్ మోర్‌ల మధ్య, ఎదురుగా కృష్ణుడు కూర్చునుండగా ఆ పాట ఎలా సాగేదో ఏ రికార్డూ చెప్పదు. అది చెప్పాల్సింది హాల్లో కూర్చున్న మనిషి. పురాణం సూరిశాస్త్రి లాంటివాళ్లు ఆ పని కొంత చేశారు, 'నాట్యోత్పలము', 'నాట్యాశోకము' లాంటి పుస్తకాలు వేశారు. ఆ దారి వెడల్పు కాలేదు.

విమర్శకుడి కుర్చీ ఖాళీగా ఉంటే అందులోకి న్యాయనిర్ణేత వచ్చి కూర్చున్నాడు. ముందు వరసలో ముగ్గురు, చేతిలో మార్కుల కాగితం. వాళ్లలో నిజంగా తెలిసినవాళ్లు ఉంటారు, కాదనను. కానీ వాళ్ల అభిప్రాయం అంకెగా మారి కవర్లో పడుతుంది. మనకి తెలిసేది ఉత్తమ నటుడి పేరు మాత్రమే. ఎందుకు ఉత్తముడో వేదిక మీద చెప్పరు, పేపర్లో రాదు. ఇక నటుడికి బాహాటంగా అందే తీర్పు చప్పట్లే. చప్పట్లు రాగానికే పడతాయి కనుక రాగం ఏటికేడు సాగుతూ పోతుంది. తప్పు నటుడిదే అనడం నాకు ఇష్టం లేదు.

ఎలా రాయాలో చూపినవాళ్లు లేకపోలేదు. తెనాలి కొడవటిగంటి కుటుంబరావు గారబ్బాయి రోహిణీప్రసాద్ అణుశాస్త్రవేత్త, సితార్ వాయించేవాడు. స్వరజ్ఞానం లేని పాఠకుడికి కూడా సినిమా పాటల మీదుగా రాగాన్ని పరిచయం చేస్తూ వెబ్ పత్రికల్లో ఎన్నో వ్యాసాలు రాశాడు. 2012లో పోయాడు. ఆ పద్ధతిని పరిషత్తు రాత్రులకి తెచ్చుకోవచ్చు. పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఎవరు, ఏ పద్యం, ఎక్కడ ఆగాడు, హాల్లో ఏం జరిగింది: ఇంతే రాసినా యాభై ఏళ్ల తర్వాత ఒకడికి పనికొస్తుంది.

కొన్ని వారాలకి తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఎక్కితే, ఎదురు సీట్లో ఆ రాత్రి హార్మోనియం వాయించినాయన. గుర్తుపట్టి పలకరించాను. ఆ రాయబారం పద్యం సంగతి అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు ఆలోచించారు.

"రిహార్సల్లో బ్రహ్మాండంగా తీశాడు బాబూ రాగం. నేనూ అదే అందిద్దామని చూస్తున్నా. ఆపేశాడు."

"ఎందుకాపారో అడగలేదా మాస్టారూ?"

"బహుమతి రాలేదుగా. ఇంక ఎవరడుగుతారు" అన్నారు. భట్టిప్రోలు వచ్చింది. టీ తాగుతారా అని అడిగారు.