కాంటు, సార్త్రు: ఒక యసత్యము, ఒక బాధ్యత

స్వాతంత్ర్యమను మాట జ్ఞానోదయయుగ దార్శనికులకును, అస్తిత్వవాదులకును సమానమే; ఆ మాట వెనుక నున్న ‘నేను’ మాత్రము వేఱు. ఈ భేదమును పెద్ద సిద్ధాంతగ్రంథములకంటె రెండు చిన్న రచనలు స్పష్టముగ చూపుచున్నవి.

మొదటిది కాంటు 1797లో బెంజమిన్ కాన్‌స్టంటునకు ప్రత్యుత్తరముగ వ్రాసిన వ్యాసము. హంతకుడొకడు వచ్చి, నీ యింట దాగిన మిత్రుని గూర్చి యడుగుచున్నాడు. అప్పుడైనను బొంకరాదని కాంటు నిర్ణయము. ‘ఇంట లేడు’ అని నీవు బొంకగా, మిత్రుడు నీ కెఱుక లేకయే వెలుపలికి పోయి హంతకుని కంటబడినచో, ఆ మృత్యువునకు నీవు బాధ్యుడవు. నిజము పలికినచో, తరువాత జరిగినది యాదృచ్ఛికము, నీ నేరము కాదు. కర్ణపర్వమున సత్యమే పలికి నరకమునకు పోయిన కౌశికుని కథ నెఱిగిన మనకు ఈ తీర్పు మింగుడుపడదు. కాని కాంటు ‘నేను’ తన బుద్ధి విధించిన శాసనమునకు తానే లోబడునది. ఆ లోబడుటయే దానికి స్వాతంత్ర్యము. తన కొఱకు ఒక్క మినహాయింపు కల్పించుకొన్నను ఆ స్వాతంత్ర్యము చెడును.

రెండవది సార్త్రు 1937లో ప్రకటించిన ‘గోడ’ యను కథ. స్పెయిను అంతర్యుద్ధమున మరణదండన పొందిన పాబ్లో ఇబియెతాను, సహచరుడైన రామోన్ గ్రిస్ జాడ చెప్పినచో ప్రాణము దక్కునని శత్రువులు ప్రలోభపెట్టుదురు. గ్రిస్ బంధువుల యింట నున్నాడని పాబ్లో తలంపు. శత్రువులను పరిహసింపనెంచి, శ్మశానమున నున్నాడని బొంకును. గ్రిస్ అంతకుముందే బంధువుతో కలహించి శ్మశానమునకే చేరియుండెను, అచటనే చంపబడెను.

కాంటు ఊహించిన యాదృచ్ఛికమే యిచట కథావస్తువైనది. సార్త్రు ఆ వ్యాసమును తలచియే వ్రాసెనని నేననను. కాంటునకు యాదృచ్ఛికము తీర్పు చెప్పుటకు సాధనము. సార్త్రు తీర్పు చెప్పక, కన్నీరు వచ్చునంతగ నవ్విన పాబ్లోను చూపి విడిచినాడు. ఇంతకు మించిన విశేషము మఱొకటి కలదు. గ్రిస్ ప్రాణము తన ప్రాణముకంటె విలువైనదని పాబ్లో అప్పటికి నమ్ముట లేదు. ఉద్యమముపై మమకారమును పోయినది. ఐనను నిజము చెప్పడు. ఏల? మొండితనమని తానే తలచును. కాంటు దృష్టిలో హేతువు లేని యీ నిరాకరణము స్వాతంత్ర్యము కాదు, వట్టి ప్రవృత్తి. సార్త్రు కథలో హేతువులన్నియు రాలిపోయిన పిదప మిగిలిన మనుష్యుడు ఈ నిరాకరణమే.

1945 నాటి ఉపన్యాసమున సార్త్రు స్వరము మాఱినది. ఒక్కడు తనకై యెన్నుకొనునది సర్వమానవులకై యెన్నుకొనుటయే యనెను. కాంటునకు అట్లనుట చెల్లును. అతని మతమున బుద్ధి యందఱి యందును ఒక్కటియే. మానవస్వభావ మనునది ముందుగ లేనే లేదనిన సార్త్రునకు ఆ యేకత్వ మెచటినుండి వచ్చును? ఉపన్యాసము చెప్పిన సమాధానము చాలదు. పాబ్లో మొండితనమును లోకమునకెల్ల విధింపజాలము గదా. సార్త్రు దర్శనమునకు ఆ ఉపన్యాసముకంటె ఈ కథయే నమ్మదగిన సాక్ష్యమని నా యభిప్రాయము.