మగ్గం దగ్గరికి పంపిన చదువు

డిజైన్ చదువుల చరిత్ర రాసేవాళ్లు జర్మనీలోని బౌహౌస్ కళాశాలను తలవకుండా ఉండరు. 1919లో వాల్టర్ గ్రోపియస్ దాన్ని వైమార్‌లో ప్రారంభించినప్పుడు స్త్రీ పురుష భేదం పాటించమని ప్రకటించారు. ఆ మాట నమ్మి అమ్మాయిలు పెద్ద సంఖ్యలో వచ్చారు. వచ్చిన వాళ్లలో ఎక్కువమందిని నేత విభాగానికి మళ్లించారు. 1922లో చేరిన ఆనీ ఆల్బర్స్ కోరుకున్నది గాజు పని, దక్కింది మగ్గం.

ఆ మగ్గం మీదే ఆమె గొప్ప కళాకారిణి అయింది. 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఆమె పనితో ప్రత్యేక ప్రదర్శన జరిగింది. దీన్ని 'అంతా మంచికే' అన్న ధోరణిలో చెప్పే విమర్శతోనే నాకు పేచీ. ఆమె ప్రతిభ, మూసిన తలుపుకి సమర్థన ఎలా అవుతుంది? లోహ విభాగం తలుపు తెరుచుకున్న మరియానె బ్రాండ్ట్ 1928లో దాని బాధ్యతలే చేపట్టింది కదా!

నేత స్త్రీ స్వభావానికి తగినదన్న వాదన మన చేనేత ఇళ్లలో నిలవదు. ఇక్కడ చాలాచోట్ల మగ్గం మీద కూర్చునేది మగవాడు, కండెలు చుట్టేది ఆడవాళ్లు. నేతగాడన్న పేరు అతనిదే. ఏది 'ఆడపని' అన్నది ఊరు మారితే మారుతుంది. గుర్తింపు ఎవరికన్నది మాత్రం మారదు.

మీడియా, కళ, డిజైన్ కోర్సుల్లో ఎంతమంది అమ్మాయిలున్నారని లెక్కపెట్టి ఆగిపోకూడదు. వాళ్ల చేతికి ఏ పనిముట్టు ఇచ్చారు, పని పూర్తయ్యాక ఎవరి పేరు వేశారు అని కూడా అడగాలి.