కొంగు తిరగేసి చూడండి

థాయిలాండు ఈశాన్యాన ఖోన్ కేన్‌లో ఏటా నవంబరు చివర పట్టు పండుగ మొదలవుతుంది. స్నేహితులు ఒకరి మణికట్టుకొకరు నూలుపోగు కట్టి, బతికినంతకాలం తోడుంటామని మాట ఇచ్చుకుంటారక్కడ. నేతకు ఇంత పేరున్న మన నెల్లూరు సీమ వెంకటగిరిలో పండుగంటే పోలేరమ్మ జాతరే. భాద్రపదంలో కుమ్మరింట బంకమన్నుతో అమ్మవారిని చేసి, ఆడపిల్లను పుట్టింటి నుంచి సాగనంపినట్టు సాగనంపుతారు. నేతగాడి పేరిట మాత్రం క్యాలెండరులో ఉన్నది ఆగస్టు 7 ఒక్కటే. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన ఆ రోజును 2015 నుంచి జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. ఒక ఊరేగింపు, నాలుగు శాలువాలు, అయిపోయింది.

వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, ఆ ఊరి చీరను మాత్రం నెల్లూరు వాళ్లం వదులుకోలేదు. వెలుగోటి రాజుల నీడన పెరిగిన నేత ఇది. దీని ప్రాణం సన్నదనంలో ఉంది. నూరో నెంబరు నూలంటే, 840 గజాల చిలపలు నూరు కలిపినా పౌను బరువే. పొడవునా పరిస్తే 76 కిలోమీటర్లు దాటుతుంది. అంత సన్నటి పోగు పొడిగాలికి పుటుక్కున తెగుతుంది. గుంట మగ్గంలో నేల చెమ్మ పడుగును కాస్త మెత్తగా ఉంచుతుంది. ఆ గుంటే వానాకాలంలో పగబడుతుంది. నీళ్లు ఊరితే కాళ్లు పెట్టే చోటుండదు, మగ్గం ఆగుతుంది, కూలీ ఆగుతుంది.

ఇక ఈ చీర మీద పువ్వులు వేసే జాందానీ నేత. పడుగు కింద బొమ్మ గీసిన కాగితం పెట్టుకుంటారు. నాడె ఒకసారి అటు పోయాక, పువ్వు రావలసిన చోట మాత్రం చిన్న కండెకు చుట్టిన జరీని వేళ్లతో పోగుల మధ్య దూర్చి, పువ్వు అంచు దాకా తీసుకెళ్లి వెనక్కి మళ్లిస్తారు. మళ్లీ నాడె. పది పువ్వులుంటే పది కండెలు. హంసో చిలకో కొంగు నిండా పెద్దదిగా ఉంటే పక్కపక్కన ఇద్దరు కూర్చోవాలి. ఇద్దరి చేతి బిగువూ ఒకటి కాకపోతే హంస మెడ వంకరపోతుంది. ఇలా రోజంతా నేసినా పెరిగేది కొద్ది అంగుళాలే.

అదే పువ్వును జాకార్డు యంత్రంతో నేస్తే, అదనపు జరీపోగు చీర పన్నా అంతా పరుగెత్తుతుంది. పువ్వుల మధ్య వేలాడే పోగుల్ని తర్వాత కత్తిరిస్తారు, వెనక కొసలు మిగిలిపోతాయి. నేనేమీ జాకార్డును తప్పుపట్టను, దాని పనితనం దానిది. దాన్ని జాందానీ ధరకు అమ్మడమే నాకు మింగుడుపడదు.

చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక సంస్థ వెంకటగిరిలోనే ఉంది. దాని సాయంతో వచ్చే ఆగస్టు 7కు శాలువాలు తగ్గించి, ఒక్క మగ్గాన్ని బజార్లో దింపి, బడిపిల్లల చేత నాలుగు పోగులు వేయించండి.

మీరు కొనబోయేటప్పుడు మాత్రం కొంగు తిరగేసి చూడండి. అసలు జాందానీ పువ్వు రెండు వైపులా ఒకేలా ఉంటుంది.