పులిజూదం నేర్చుకోవాలంటే మేకల వైపు కూర్చోండి

పులిజూదానికి కూర్చోగానే ఎవరైనా ముందు పులులు తమకే కావాలంటారు. పులులు 3, మేకలు 15. పులి గెంతి తింటుంది, మేకకు ఆ హక్కు లేదు. అందుకే బలమంతా పులుల పక్షాన ఉందనీ, మేకలను కొత్తవాళ్లకో పిల్లలకో వదిలేయొచ్చనీ అనుకుంటారు. ఇది పొరపాటు. ఆటలోని లెక్కంతా మేకల వైపే ఉంది. ఆ లెక్క పట్టుబడనివాళ్లు పులులను కూడా సరిగ్గా ఆడలేరు. చెక్కర్స్‌కీ చదరంగానికీ పెట్టేంత శ్రద్ధ ఈ ఆటకూ పెట్టాలని నేను వాదించేది ఆ లెక్కను చూసే.

ముందు పటం చూడండి. పైన ఒక కొన, అక్కణ్ణుంచి కిందికి దిగే 4 గీతలు, వాటిని కోస్తూ 4 అడ్డగీతలు. అన్నిటికన్నా కింది అడ్డగీత త్రికోణానికి అడుగు. పై మూడూ త్రికోణం దాటి రెండు వైపులా బయటికొస్తాయి, వాటి చివరలను అటొకటి ఇటొకటి నిలువు గీత కలుపుతుంది. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. మేకలేవీ పోకుండా కాయలన్నీ దిగితే 18 నిండి, ఖాళీలు 5 మాత్రమే మిగులుతాయి. పులి తినాలంటే పక్కన మేక, ఆ మేక వెనక అదే గీత మీద ఖాళీ ఉండాలి. కాబట్టి పులి బతుకంతా ఆ ఖాళీల మీదే. మేకలు గెలిచేది పులులను ఎటూ కదలకుండా కట్టేసి. ఇప్పుడు ఒక్కో చోట పులిని అలా కట్టెయ్యడానికి ఎన్ని మేకలు కావాలో లెక్కేయండి. పటం నడిబొడ్డున, రెండో అడ్డగీత మీద ఉన్న పులికి నాలుగు దారులు. ప్రతి దారిలో ఒక మేక, దాని వెనక ఇంకొకటి, మొత్తం 8 కావాలి. కొన మీద కూర్చున్న పులికీ అంతే. కొన చూడ్డానికి ఇరుకైన మూలలా ఉంటుంది గాని నాలుగు గీతలూ అక్కణ్ణుంచే దిగుతాయి. అదే పులి త్రికోణం బయట, పై అడ్డగీత చివరికి పోయిందా, 4 మేకలు చాలు. మూడు పులులూ ఒకే వైపు నిలువు గీత మీద వరసగా నిలబడితే ఒకదాని దారికి ఇంకొకటి అడ్డం; పక్కనున్న ఆరు చోట్లలో 6 మేకలు నిలిస్తే మూడూ ఒక్కసారే కట్టుబడిపోతాయి. అంటే తొమ్మిది మేకలు పోయాక కూడా గెలుపు దారి పూర్తిగా మూసుకుపోదు. నాలుగైదు మేకలు పోగానే ఆట అయిపోయిందని చేతులెత్తేసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

మేకల పని రెండు దశల్లో నడుస్తుంది. పదిహేనూ దిగేదాకా మేక కదలకూడదు, పులి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. పులి ఎటునుంచీ గెంతలేని చోట్లు పటంలో ఏడున్నాయి: కొన, బయటి నాలుగు మూలలు, అడుగుగీత రెండు చివరలు. అక్కడ గీతలన్నీ ఆగిపోతాయి కనుక మేక వెనక ఖాళీ అనేదే ఉండదు. కొత్తవాళ్లు మొదటి మేకలను అక్కడ దింపితే చాలావరకు బతుకుతారు. కానీ గెలవాలంటే అది సరిపోదు. మూలలన్నీ మనమే నింపేస్తే పులి నడిమధ్యనే ఉంటుంది, అక్కడ దాన్ని కట్టడం చాలా ఖరీదు. అందుకని తర్వాతి మేకలను ఒకదాని వెనక ఒకటిగా, ఒకే గీత మీద జంటగా నిలపాలి. కాయలన్నీ దిగాక మూలలను మెల్లగా ఖాళీ చేసి పులిని అటు జరగనివ్వాలి. ఒక్కోసారి ఒక మేకను కావాలనే ఇవ్వాలి, ఎందుకంటే తిన్న పులి మేకకు అవతలి వైపున దిగుతుంది. ఆ దిగే చోటు మూలైతే నష్టం కాస్తా లాభమవుతుంది. చెక్కర్స్‌లోనూ ఇలాంటి ఎర ఉంది. అక్కడ తినే అవకాశముంటే తినక తప్పదు కనుక ఎర తప్పకుండా పారుతుంది. పులిజూదంలో చాలాచోట్ల అలాంటి నిర్బంధం లేదు. ఎదుటివాళ్లు తినకుండా ఊరుకోవచ్చు. వాళ్లకు తినాలనిపించేలా ఎర వెయ్యడం ఇక్కడి అదనపు విద్య.

పులుల వైపు నేర్చుకోవలసింది ఈ లెక్కనే తిరగేసి చదవడం. మూడూ ఒక్కచోట గుమిగూడకూడదు. ఒకేసారి రెండు మేకలకు గురిపెట్టాలి, ఎదుటివాళ్లు ఒక ఎత్తులో ఒకదాన్నే కాపాడగలరు. మూలలోకి లాగే మేకను వదిలెయ్యాలి.

అయినా రెండు అభ్యంతరాలు ఉంటాయి. మొదటిది, కంప్యూటర్ తేల్చేయగల ఆటకు ఇంత శ్రమ ఎందుకని. చెక్కర్స్ విషయంలో అదే జరిగింది: కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షేఫర్ బృందం 1989లో మొదలుపెట్టి, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆట సమానంగా ముగుస్తుందని 2007లో తేల్చింది. మన ఆటకు దగ్గరి చుట్టం, 4 పులులు 20 మేకలతో 25 చోట్ల మీద ఆడే నేపాలీ బాగ్‌చాల్‌కూ కంప్యూటర్ లెక్కలు అదే ఫలితం చెప్పాయి. కానీ తప్పు చేయకపోవడం యంత్రానికి సాధ్యం, మనిషికి కాదు. చెక్కర్స్ ఆడేవాళ్లు 2007 తర్వాత ఆడటం మానలేదు. రెండో అభ్యంతరం ఇంకొంచెం బలమైనది: ఎన్ని మేకలు తింటే పులి గెలిచినట్టు, మొదట పులులు ఎక్కడ కూర్చోవాలి అన్నవి ఊరూరికీ మారతాయి, నిలకడైన నియమాలే లేని ఆటలో నైపుణ్యమేమిటని. నిజమే, పోటీలు పెట్టాలంటే ఇది చిక్కే. అయితే నేను పైన చెప్పిన 4, 6, 8 ఏ ఊరి నియమం మీదా ఆధారపడలేదు. అవి గీతల్లోంచి వచ్చినవి. గెలుపు హద్దు మారినా పటం మారదు. తమిళుల ఆడు పులి ఆట్టం పటం మీద కూడా ఈ లెక్క ఇలాగే పనిచేస్తుంది.

ఇంట్లో పిల్లలుంటే పటం గీసి, నియమాలు ముందే మాట్లాడుకుని, జతగా రెండాటలు ఆడండి, రెండో ఆటకు పక్షాలు మార్చుకోండి. మొదటి ఆటలో మేకలు మీరే తీసుకోండి. మీ పెద్దవాళ్లు మీ ఊళ్లో ఏ నియమాలతో ఆడేవారో అడిగి రాసిపెట్టండి.