తుపాకీ దించాక మిగిలిన ప్రశ్న

సాయుధ ఇస్లామిస్టు ఉద్యమాల గురించి మన తెలుగు పత్రికలకు రెండే వాక్యాలు తెలుసు. 'వాళ్లు మారరు' అనేది మొదటిది. ఎవరైనా మారామంటే 'నటిస్తున్నారు' అనేది రెండోది. ముస్లిం సమాజంలో మనకూ రెండే వాక్యాలున్నాయి. 'వాళ్లు అసలు ముస్లింలే కారు' అని ఒకటి, 'ఇది ఇంటి మాట, బజార్లో పెట్టకు' అని ఇంకొకటి. ఈ నాలుగు వాక్యాలూ చేసే పని ఒక్కటే. ఆ ఉద్యమాలు తమ గురించి తాము రాసుకున్న రాతల్ని చదవాల్సిన శ్రమ మనకు లేకుండా చేస్తాయి.

ఇక్కడ ఇస్లామిస్టు అంటే నమాజు చదివే ముస్లిం అని కాదు. షరియత్ పేరు మీద రాజ్యాధికారం కోరే రాజకీయం అని. రాజకీయం కాబట్టి అది మారుతుంది. లెబనాన్ హిజ్బుల్లా 1985లో ప్రకటించిన బహిరంగ లేఖను, 2009లో ప్రకటించిన పత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఇస్లామీ రాజ్యం గురించిన మాట రెండోదాంట్లో జారిపోయింది. హమాస్ 1988 చార్టర్‌కీ 2017 పత్రానికీ మధ్య కూడా అలాంటి తేడా ఉంది. ఈ రెండు సంస్థలూ మాట మార్చుకున్నాయి గానీ ఆయుధం ఉంచుకున్నాయి. ఆయుధం దించి, ఎందుకు దించామో పుస్తకాలుగా రాసుకున్న ఉద్యమం ఈజిప్టులో ఉంది. దాని పేరు అల్ జమాఅ అల్ ఇస్లామియా. మన దేశంలోని జమాతె ఇస్లామీతో దీనికి సంబంధం లేదు. ఆ పుస్తకాలను విమర్శకుల కన్నుతో చూడటం ఈ వ్యాసం పని.

జమాఅ పుట్టింది 1970లలో, ఎగువ ఈజిప్టు విశ్వవిద్యాలయాల్లో. అస్యూత్, మిన్యా పట్టణాల విద్యార్థులే దాని మొదటి కార్యకర్తలు. నాసర్‌వాదుల్నీ వామపక్ష విద్యార్థుల్నీ అణచటానికి సాదాత్ ప్రభుత్వం మతసంఘాలను చేరదీసింది. చేరదీసిన చేతినే అవి కరిచాయి. 1981 అక్టోబర్ 6న సైనిక కవాతులో సాదాత్‌ను కాల్చి చంపారు. రెండు రోజుల తర్వాత, సరిగ్గా బక్రీద్ రోజున, జమాఅ మనుషులు అస్యూత్‌లో పోలీసుల మీద దాడి చేసి పెద్దసంఖ్యలో చంపారు. ఆ కేసుల్లో జైలుకు పోయిన నాయకుల్లో ముగ్గురు, నాజిహ్ ఇబ్రాహీం, ఆసిం అబ్దుల్ మాజిద్, ఇసాం దర్బాలా, 1984లో జైల్లోనే కూర్చుని సంస్థ సిద్ధాంత పత్రం రాశారు. షరియత్ అమలు చేయని పాలకుణ్ణి బలంతో దించటం ధర్మమని అందులో తేల్చారు.

ఆ సిద్ధాంతం 1990లలో నేల మీద ఎలా నడిచిందో చెప్పటానికి కొన్ని తేదీలు చాలు. 1992 మేలో దైరూత్ దగ్గరి ఒక ఊళ్లో 13 మంది కాప్టిక్ క్రైస్తవుల్ని చంపారు. అదే సంవత్సరం జూన్ 8న కైరోలో రచయిత ఫరగ్ ఫోదాను ఆయన ఆఫీసు బయట కాల్చి చంపారు. 1994 అక్టోబర్‌లో నోబెల్ గ్రహీత, 82 ఏళ్ల నగీబ్ మహఫూజ్ మెడలో కత్తి దించారు. ఆయన బతికాడు గానీ రాసే చెయ్యి సరిగా పనిచేయకుండా పోయింది. అటు ప్రభుత్వమూ తక్కువ తినలేదు. వేలమందిని విచారణ లేకుండా జైళ్లలో కుక్కింది, హింసించింది. దాక్కోవటానికి వీల్లేకుండా రైతుల చెరకు తోటలు నరికించింది. ఆ అయిదారేళ్లలో అన్ని వైపులా కలిపి చచ్చినవాళ్లు వెయ్యి మందికి పైనే.

1997 జూలై 5న ఒక సైనిక కోర్టులో ముద్దాయి లేచి జైలు నాయకుల ప్రకటన చదివాడు. దాడులన్నీ ఆపుతున్నాం, షరతులేమీ లేవు అని దాని సారాంశం. ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవటానికి తగ్గట్టే నవంబర్ 17న లక్సర్‌లోని హత్షెప్సుత్ ఆలయం దగ్గర 58 మంది విదేశీ యాత్రికుల్నీ నలుగురు ఈజిప్షియన్లనూ చంపారు. అయితే ఆ ఘోరమే జైలు నాయకుల వాదనకు బలమిచ్చింది. యాత్రికుల మీద ఆధారపడి బతికే బండివాళ్లు, పడవవాళ్లు, దుకాణాల వాళ్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఎవరి కోసం పోరాడుతున్నామన్నారో ఆ జనమే ఛీ కొట్టారు. 1999లో సంస్థ కాల్పుల విరమణను పూర్తిగా ఖాయం చేసింది. 2002 మొదట్లో నాలుగు పుస్తకాలు బయటికొచ్చాయి. హింసను ఆపాలన్న ప్రతిపాదనను వివరించేది ఒకటి, జిహాద్‌లో జరిగిన తప్పుల మీద ఒకటి, మతంలో అతినీ ముస్లింలను కాఫిర్లనటాన్నీ నిషేధించేది మరొకటి, సమాజాన్ని సరిదిద్దుతామని బయల్దేరేవాళ్లకు హితవు చెప్పేది నాలుగోది. మొత్తం వరుసకు 'భావనల దిద్దుబాటు' అని పేరు పెట్టారు.

ఈ పుస్తకాల గొప్పతనాన్ని ముందు ఒప్పుకోవాలి. చంపినవాళ్లు చంపటం తప్పని ఖురాన్, హదీసుల ఆధారంతోనే రాశారు. వీసా ఇచ్చి రానిచ్చిన విదేశీయుడికి 'అమాన్', అంటే అభయం, ఉన్నట్టేనని చెప్పారు. నిరాయుధుణ్ణి చంపటం జిహాద్ కాదన్నారు. సాదాత్ హత్య కేసులో శిక్ష అనుభవించిన కరమ్ జుహ్దీ ఆ హత్యనే తప్పుబట్టాడు. బయటనుంచి ఏ సెక్యులర్ మేధావి వంద వ్యాసాలు రాసినా అస్యూత్ కుర్రాడి చెవికెక్కని మాట, తన నాయకుడి నోట వచ్చేసరికి ఎక్కింది. ఆ తర్వాత జమాఅ పేరు మీద మళ్లీ పాతరకం దాడుల ఉద్యమం లేవలేదు. అల్ జవాహిరీ ఈ దిద్దుబాటును లొంగుబాటు అన్నాడు. అమెరికా జైల్లో ఉన్న వాళ్ల గురువు ఉమర్ అబ్దుల్ రహ్మాన్ మొదట మద్దతిచ్చి 2000లో వెనక్కి తీసుకున్నాడు. అయినా జైలు నాయకులు నిలబడ్డారు.

ఇక లోపం దగ్గరికి వద్దాం. ఈ పుస్తకాల వాదన చాలావరకు 'మస్లహత్' అనే మాట చుట్టూ తిరుగుతుంది. ఒక పనివల్ల మేలు ఎక్కువా, కీడు ఎక్కువా అని బేరీజు వేయటం. కీడు ఎక్కువైతే ఆ పని చేయకూడదు. ఫిఖ్‌లో ఇది గౌరవప్రదమైన పద్ధతే. కానీ మన ఉర్దూలో మస్లహత్‌కు ఇంకో అర్థం కూడా ఉందని మనకు తెలుసు. అవసరాన్ని బట్టి నోరు మూసుకోవటాన్ని కూడా మస్లహతే అంటాం. మేలు కీడుల లెక్కతో ఆగిన హింస, లెక్క తారుమారైతే ఆగి ఉంటుందా? ఓడిపోయాం కాబట్టి తప్పు అనటానికీ, గెలిచినా తప్పే అనటానికీ మధ్య దూరం చాలా ఉంది.

అంతకన్నా లోతైన లోపం మూడో పుస్తకంలో ఉంది. ముస్లింను కాఫిర్ అనే హక్కు ప్రతి కుర్రాడికీ లేదని ఆ పుస్తకం అంటుంది. మంచిదే. మరి ఆ హక్కు ఎవరికుంది? చదువుకున్న ఉలమాకు ఉందట. అంటే తీర్పు చెప్పే కుర్చీ అలాగే ఉంది, అందులో కూర్చునే మనిషి మారాడు. ఈ మార్పు ఫరగ్ ఫోదాను కాపాడేదా? కాపాడేది కాదు. ఆయన హత్యకు ముందు ఆయన మీద మతద్రోహం ముద్ర వేసినవాళ్లు అజహర్ పండితులే. 1993లో హంతకుల విచారణలో ముద్దాయిల తరఫున సాక్ష్యం చెప్పినవాడు షేఖ్ మహమ్మద్ అల్ గజాలీ. ఆయన జమాఅ మనిషి కాదు, అరబ్బు దేశాలంతటా గౌరవం ఉన్న ఆలిం. షరియత్ అమలును బాహాటంగా వ్యతిరేకించేవాడు మతభ్రష్టుడేనని, రాజ్యం చేయాల్సిన పనిని ఒక వ్యక్తి చేస్తే దానికి ఇస్లాంలో ప్రత్యేకమైన శిక్ష లేదని కోర్టులో చెప్పాడు. తుపాకీ లేని పండితుడు, తుపాకీ ఉన్న కుర్రాడు ఒకే వాక్యం పలికిన సందర్భం అది. ఫోదా కేసులో శిక్ష పడినవాళ్లలో ఒకడు 2012లో విడుదలై టీవీ కెమెరా ముందు తనకు పశ్చాత్తాపం లేదన్నాడంటే ఆశ్చర్యమేముంది?

2011లో ముబారక్ దిగిపోయాక దిద్దుబాటుకు అసలు పరీక్ష వచ్చింది. జమాఅ ఎన్నికల పార్టీ పెట్టి పార్లమెంటులో 13 స్థానాలు గెలిచింది. పార్టీలూ ఓట్లూ ఇస్లాంకు సరిపడవని వాదించినవాళ్లు ఓటు అడిగారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ 2013 జూన్‌లో అధ్యక్షుడు మోర్సీ ఆ పార్టీ మనిషిని లక్సర్ గవర్నరుగా నియమించినప్పుడు ఊరు ఊరంతా రోడ్డెక్కింది. వారంలో ఆయన రాజీనామా చేశాడు. సంస్థ తన తప్పును పుస్తకంలో ఒప్పుకుంది గానీ, ఆ ఊరి జనం ఆ పుస్తకాన్ని తమకిచ్చిన జవాబుగా తీసుకోలేదు.

1984 పత్రం రాసిన ముగ్గురి దారులూ చూడండి. నాజిహ్ ఇబ్రాహీం 2011లో నాయకత్వం వదిలి హింసకు వ్యతిరేకంగా రాస్తూ వచ్చాడు. ఆసిం అబ్దుల్ మాజిద్ 2013లో మోర్సీ మద్దతు సభల్లో ప్రత్యర్థుల్ని బెదిరించి, తర్వాత దేశం విడిచిపోయాడు. ఇసాం దర్బాలా సంస్థను చట్టబద్ధ రాజకీయంలో నిలపాలని చూసి, మళ్లీ అరెస్టయి 2015 ఆగస్టులో జైల్లోనే చనిపోయాడు. ఒకే పత్రం, ఒకే జైలు, ఒకే దిద్దుబాటు. చివరికి మూడు దారులు. కాబట్టి 'వాళ్లు మారారా లేదా' అనే ప్రశ్నకు సంస్థ మొత్తానికి కలిపి ఒక్క జవాబు ఉండదు. రాజ్యం మాత్రం ఏ పుస్తకమూ రాయలేదు. 2013 ఆగస్టు 14న రాబియా కూడలిలో ఒక్క రోజులో కనీసం 817 మందిని చంపిందని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క తేల్చింది. దిద్దుబాటు చేసుకున్నవాడికీ చేసుకోనివాడికీ ఒకే తూటా అయితే, రేపటి కుర్రాడు ఏ పాఠం నేర్చుకుంటాడు?

నైలు నది ఒడ్డు సంగతి మూసీ ఒడ్డున మనకెందుకు? ఎందుకంటే మన దగ్గరా రాసే చెయ్యి నరికారు. 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు చంపారు, చెయ్యి నరికారు. సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాయటమే ఆయన నేరం. పోలికలో జాగ్రత్త అవసరం. రజాకార్లు జమాఅ లాంటివాళ్లు కారు. వాళ్లు పోరాడింది నిజాం గద్దెనూ ముస్లిం పాలకవర్గం పెత్తనాన్నీ నిలపటానికి. కానీ తమతో ఒప్పుకోని ముస్లిం కౌమ్‌కు ద్రోహి అనే తీర్పు దగ్గర రెండూ కలుస్తాయి.

ఆ తర్వాత మజ్లిస్ మారింది. రజ్వీ 1957లో జైలునుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాక, అబ్దుల్ వాహిద్ ఒవైసీ నాయకత్వంలో కొత్త నియమావళితో, భారత రాజ్యాంగానికి లోబడిన పార్టీగా మళ్లీ మొదలైంది. నిన్నటి పార్టీకీ ఆ పార్టీకీ రాజకీయంగా పోలికే లేదు. అయితే 'నిన్న ఎందుకు తప్పు' అనే పుస్తకం మన సమాజంలో రాలేదు. దానికి కారణముంది. పోలీసు చర్య తర్వాత సంస్థానంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు తొక్కిపెట్టింది. సొంత చావుల్నే లెక్క చెప్పుకోనివ్వనప్పుడు షోయబుల్లా చావుకు లెక్క ఎవరు చెబుతారు? గాయం మీద గాయం పడి ఆత్మవిమర్శ మాట గొంతులోనే ఆగిపోయింది. అది అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన బాకీ తీరదు.

అందుకే మొదట చెప్పుకున్న వాక్యాల్లో ఒకదాన్ని మనం వదులుకోవాలి. 'వాళ్లు అసలు ముస్లింలే కారు' అంటే మనకు తేలిగ్గా ఉంటుంది. కానీ అది వాళ్ల ఆయుధమే. ఎవరు ముస్లింనో ఎవరు కాదో తేల్చే ఆ కుర్చీలో మనమూ కాసేపు కూర్చున్నట్టు. వాళ్లు ముస్లింలే, చేసింది నేరం. ఈ రెండు మాటలూ ఒకే ఊపిరితో చెప్పగలగాలి.

ఏ సాయుధ ఉద్యమమైనా మారామని పత్రం ప్రకటిస్తే, అందులో జిహాద్ గురించి ఏం రాశారని అందరూ వెతుకుతారు. రాజ్యం గురించి, ఎన్నికల గురించి ఏం రాశారని చూస్తారు. అవీ చూడాలి. కానీ ముందు చదవాల్సిన పేజీ వేరే ఉంది. తమను కాదన్న ముస్లిం ఆడదాని గురించి, ముస్లిం రచయిత గురించి, నమాజు చదవనివాడి గురించి అందులో ఏం రాశారు? ఫరగ్ ఫోదా, షోయబుల్లా ఖాన్ ఆ పత్రం కింద బతికి బట్టకట్టగలరా? ఆ పేజీ ఖాళీగా ఉంటే దిద్దుబాటు ఇంకా సగంలోనే ఉందని లెక్క. ఆ పేజీ రాయటం ఉద్యమాల నాయకుల పని మాత్రమే అనుకుని మనం చేతులు కట్టుకు కూర్చోలేం. కౌమ్ పేరు మీద కలం పట్టిన ప్రతి ముస్లిం రచయితా తన వంతు రాయాలి.