తాకట్టుపడిన బాల్యం: గుర్నా నవలలో వాస్తవికత

అబ్దుల్‌రజాక్ గుర్నాకు 2021లో నోబెల్ బహుమతి వచ్చినప్పటి నుంచి ఆయన్ని కాందిశీకుల రచయితగానే చూడటం అలవాటయింది. జీవితం అందుకు తగ్గట్టే ఉంది. 1948లో జాంజిబార్‌లో పుట్టారు. 1964 విప్లవానంతరం అరబ్బు మూలాలవారిపై వేధింపులు సాగిన కాలంలో దేశం విడిచి ఇంగ్లండు చేరారు. కెంట్ విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధించారు. మాతృభాష స్వాహిలీ అయినా నవలలు రాసింది ఇంగ్లీషులో. అయితే కాందిశీకుల రచయిత అన్న ముద్ర ఒక్కటే ఆయన్ని అంచనా కట్టడానికి చాలదని నా అభిప్రాయం.

‘పారడైజ్’ (1994) చూడండి. తండ్రి తీర్చలేని అప్పు కింద యూసుఫ్ 12వ ఏట అజీజ్ అనే వర్తకుడి దుకాణంలో చాకిరీకి పోతాడు. ఆ వర్తకుడు తెల్లదొర కాడు. పిల్లవాడు ఆప్యాయంగా వరసపెట్టి పిలిచే మనిషి. వలసపాలనకు ముందున్న ఆఫ్రికా స్వర్గమనే భ్రమను గుర్నా అక్కడే తెంచేస్తారు. జర్మన్ల దౌర్జన్యాన్నీ దాచరు.

మరి ప్రతిఘటన ఏదీ అని మనలో కొందరు అడగవచ్చు. యూసుఫ్ చివరికి జర్మన్ల సైన్యం వెంటే పరుగెడతాడు. తోటమాలి హమ్దానీ బానిస. యజమానురాలు స్వేచ్ఛ ఇస్తానంటే, అది ఆమె ఇవ్వగలిగేది కాదని తిరస్కరిస్తాడు. అయినా ఆ తోటలోనే ఉండిపోతాడు. ఎరుక ఉంది, దారి లేదు. లేని దారిని ఉన్నట్టు చూపకపోవడమే గుర్నా వాస్తవికత. నినాదంతో నవల ముగించే మన రచయితలు ఆలోచించవలసింది ఇక్కడే.